కహాల్ ప్రచురణలు – ఉటంకింపుల లెక్క : ఒక పరిశీలన

శాస్త్రరంగమున ఒక వ్యక్తి కృషిని అంచనా కట్టుటకు నేడు ముఖ్యముగా రెండు లెక్కలు వాడుకలో ఉన్నవి. ఆయన ప్రచురించిన వ్యాసములెన్ని అనునది మొదటిది. ఆ వ్యాసములను ఇతర పరిశోధకులు తమ రచనలలో ఎన్నిసార్లు పేర్కొన్నారు అనునది రెండవది. ఈ రెండవదానినే సైటేషన్ అందురు. తెలుగులో ఉటంకింపు అనుచున్నాము. మన ఉర్దూ విభాగపు మిత్రులు దీనినే హవాలా అందురు. పేరు ఏదైనను భావమొక్కటే: ‘ఈ మాట నేను ఫలానా వారి వద్ద నేర్చినాను’ అని రచయిత బహిరంగముగా ఒప్పుకొనుట.

ఈ లెక్కల మీదనే నేడు ఉద్యోగములు, పదోన్నతులు, పరిశోధన నిధులు చాలవరకు ఆధారపడి ఉన్నవి. మన దేశమున విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2010లో వెలువరించిన నిబంధనలలో అధ్యాపకుల ప్రచురణలకు మార్కులు కేటాయించినారు. కనుక ఈ విషయము విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు మాత్రమే సంబంధించినది కాదు. అధ్యాపకులను ఎంపిక చేయు సంఘములకును, రేపు పరిశోధనలో ప్రవేశింపదలచిన ప్రతి విద్యార్థికిని సంబంధించినదే.

అంకెలు ఏమి చెప్పును, ఏమి చెప్పజాలవు అను ప్రశ్నను ఊరక సిద్ధాంతముగా చర్చించుట కంటె ఒక మహాశాస్త్రజ్ఞుని జీవితమును ఎదుట ఉంచుకొని చూచుట మేలని తలచి, ఆధునిక నాడీశాస్త్రమునకు పునాది వేసిన స్పెయిన్ దేశీయుడు శాంటియాగో రమోన్ ఇ కహాల్ ప్రచురణలను ఈ వ్యాసమునకు విషయముగా గైకొన్నాము.

ఉటంకింపు – దాని పుట్టుక

ఇతరుల మాటను పేరు చెప్పి ఎత్తి చూపుట మన సాహిత్యమునకు కొత్త కాదు. లక్షణ గ్రంథకర్తలు తాము చెప్పిన సూత్రమునకు పూర్వకవుల పద్యములను లక్ష్యములుగా చూపినారు. అప్పకవీయము చదివిన విద్యార్థులకు ఈ పద్ధతి తెలిసినదే. 15వ శతాబ్దికి చెందిన మడికి సింగన తన ‘సకలనీతిసమ్మతము’లో పలు నీతిగ్రంథముల నుండి పద్యములను ఏర్చి కూర్చినాడు. నేడు లభింపని కొన్ని గ్రంథముల పద్యములు ఆ సంకలనము వలననే మనకు దక్కినవి. ఒకరి మాటను మరియొకరు పేరు చెప్పి నిలుపుట వలన జ్ఞానము పరంపరగా సాగునని దీనిని బట్టి తెలియును.

అయితే ఉటంకింపులను లెక్కపెట్టుట మాత్రము ఇటీవలి సంగతి. అమెరికాకు చెందిన యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో ‘సైన్స్’ పత్రికలో ఒక వ్యాసము వ్రాసి, ఏ వ్యాసమును ఎవరెవరు పేర్కొన్నారో తెలుపు సూచిక ఒకటి అవసరమని ప్రతిపాదించినారు. ఆయన ఫిలడెల్ఫియాలో నెలకొల్పిన సంస్థ 1964లో ‘సైన్స్ సైటేషన్ ఇండెక్స్’ను వెలువరించినది. 1975 నుండి పత్రికల ప్రభావమును తెలుపు ‘ఇంపాక్ట్ ఫ్యాక్టర్’ పట్టికలు కూడ ఏటేట రాసాగినవి. ఒక పత్రికలో గత రెండు సంవత్సరములలో వెలువడిన వ్యాసములను ఈ సంవత్సరము ఎన్నిసార్లు ఉటంకించినారో లెక్కించి, ఆ మొత్తమును ఆ వ్యాసముల సంఖ్యచే భాగించిన వచ్చునదే ఇంపాక్ట్ ఫ్యాక్టర్. ఇది పత్రికకు సంబంధించిన సగటే గాని, అందులో వ్రాసిన వ్యక్తికి సంబంధించిన కొలత కాదని ముందుగా గుర్తింపవలెను.

గార్‌ఫీల్డ్ ఉద్దేశించినది వ్యాసములను వెదకుటకు ఒక సాధనము. మనుషులను తూచుటకు దానిని త్రాసుగా మార్చినది తరువాతి వారు.

కహాల్ తొలి జీవితము

కహాల్ 1852 మే 1వ తేదీన ఉత్తర స్పెయిన్‌లోని పెటిల్యా అను చిన్న గ్రామమున జన్మించినారు. తండ్రి వైద్యుడు. కుమారునికి చిత్రలేఖనమందు మక్కువ ఎక్కువ, చదువునందు శ్రద్ధ తక్కువ. విసిగిన తండ్రి ఆయనను కొంతకాలము ఒక మంగలి వద్దను, మరికొంతకాలము చెప్పులు కుట్టువాని వద్దను పనికి కుదిర్చినారు. ఆపైన తానే ఎముకల శాస్త్రము బోధించి వైద్యవిద్య వైపు మళ్లించినారు. 1873లో సారగోసాలో వైద్యపట్టము పొంది, సైనిక వైద్యుడుగా క్యూబాకు వెళ్లి, మలేరియాతో కృశించి తిరిగి వచ్చినారు. 1883లో వలెన్సియాలో ఆచార్య పదవి లభించినది. 1885లో అచ్చట కలరా ప్రబలినప్పుడు చేసిన పరిశోధనకు బహుమానముగా సారగోసా ప్రాంతీయ ప్రభుత్వము ఆయనకు ఒక మంచి జైస్ సూక్ష్మదర్శినిని ఇచ్చినది.

1887 ఆయన జీవితమున ముఖ్యమైన సంవత్సరము. ఆ యేడు మాడ్రిడ్‌లో లూయిస్ సిమార్రో అను వైద్యుడు ఆయనకు కొన్ని నాడీకణములను చూపినారు. అవి ఇటలీకి చెందిన కమిల్లో గాల్జి కనుగొన్న పద్ధతిలో రంగు వేయబడినవి. మన జీవశాస్త్ర పాఠములలో ‘గాల్జి సంక్లిష్టము’ అని చదువునది ఈయన పేరనే. మెదడు ముక్కను పొటాసియం డైక్రోమేట్‌లో గట్టిపరచి, పిదప సిల్వర్ నైట్రేట్‌లో ముంచినచో, లెక్కలేనన్ని కణములలో కొన్ని మాత్రమే నల్లగా మారి, వాటి కొమ్మలన్నియు స్పష్టముగా కనబడును. గాల్జి ఈ పద్ధతిని 1873లోనే ఒక ఇటాలియను వైద్యపత్రికలో ప్రకటించినారు. అయినను దాదాపు పదునాలుగేండ్లు ఇటలీ వెలుపల దానిని పట్టించుకొన్నవారు బహు స్వల్పము. మంచి పని కూడ ఉటంకింపు లేక ఎంతకాలము మూలబడి ఉండగలదో చెప్పుటకు ఇది మొదటి నిదర్శనము.

అరువది ప్రతుల పత్రిక

కహాల్ ఆ పద్ధతిని రెండు విధముల మెరుగుపరచినారు. వెండి లవణములో ముంచు పనిని రెండు మార్లు చేసినారు. పెద్ద జంతువుల మెదడుకు బదులుగా పిండదశలోను, శైశవములోను ఉన్న పక్షుల, జంతువుల మెదళ్లను గ్రహించినారు. లేతదశలో నాడీతంతువులపై కొవ్వుతొడుగు ఇంకను ఏర్పడి ఉండదు గనుక రంగు చక్కగా పట్టును.

ఆనాడు గాల్జి మొదలగువారు నాడీమండలమంతయు ఎడతెగని ఒకే వల వంటిదని నమ్మినారు. ఒక కణము ఎచ్చట ముగియునో, మరియొకటి ఎచ్చట మొదలగునో చెప్పుటకు వీలులేదని వారి వాదము. కహాల్ పక్షుల చిన్నమెదడును పరిశీలించి, ప్రతి నాడీకణము వేరువేరు వ్యక్తి అనియు, వాటి కొనలు ఒకదానినొకటి సమీపించునే గాని కలిసిపోవనియు గ్రహించినారు. ఆ కణముల కొమ్మలపై ముండ్ల వంటి సన్నని పొడుపులు ఉన్నవని కూడ వర్ణించినారు.

ఇంత గొప్ప విషయమును ప్రకటించుటకు ఆయనకు తగిన పత్రిక లేకపోయినది. అందుచేత 1888 మే నెలలో బార్సిలోనాలో తన సొంత ఖర్చుతో కణజాలశాస్త్రమునకు ఒక త్రైమాసిక పత్రికను ప్రారంభించినారు. వ్యాసములు వ్రాసినది తానే, బొమ్మలు గీసినది తానే. అచ్చువేసినవి అరువది ప్రతులు మాత్రమే. వాటిలో ఎక్కువ భాగమును ఇతర దేశముల శాస్త్రజ్ఞులకు పంపివేసినారు.

ఫలితమేమి? ఆ పత్రిక స్పానిష్ భాషలో ఉన్నది. ఆనాటి శాస్త్రభాషలు జర్మను, ఫ్రెంచి, ఇంగ్లీషు. పేరు పొందిన శాస్త్రజ్ఞులలో చాలమంది దానిని చదువనే లేదు. 1889 వేసవిలో ఎవరైనను నేటి పద్ధతిలో కహాల్ ఉటంకింపులను లెక్కించి ఉన్నచో, బహుశః ఆయనకు పరిశోధన నిధి నిరాకరించి ఉందురు. కాని ఆ యేడాదికి ఆయన చేయవలసిన ప్రధానమైన ఆవిష్కరణ చేసియే ఉన్నారు.

బెర్లిన్ సభ

కహాల్ నిరాశ చెంది ఊరకుండలేదు. వ్యాసములను ఫ్రెంచిలోనికి మార్చి విదేశీ పత్రికలకు పంపసాగినారు. 1889 అక్టోబరులో బెర్లిన్ నగరమున జరిగిన జర్మన్ శరీరనిర్మాణ శాస్త్రజ్ఞుల సభకు సొంత డబ్బుతో వెళ్లినారు. ఉపన్యాసముతో ఒప్పించుట కంటె కంటికి చూపుట మేలని భావించి, తన సూక్ష్మదర్శినిని, గాజుపలకలను వెంట తీసుకొనిపోయినారు. తడబడు ఫ్రెంచిలో వివరించుచు ఒక్కొక్కరిని పిలిచి చూపినారు.

చూచినవారిలో వుర్ట్స్‌బుర్గ్ ఆచార్యుడు ఆల్బర్ట్ కొల్లికర్ ఒకరు. అప్పటికాయన వయస్సు 72. కణజాలశాస్త్రమున ఆయన మాటకు ఐరోపా అంతటను విలువ ఉన్నది. ఆయన కహాల్ పలకలను చూచి ముగ్ధుడై, ఇంటికి పోయి స్వయముగా ఆ ప్రయోగములు చేసి, తాను పూర్వము నమ్మిన వల సిద్ధాంతమును విడిచిపెట్టినారు. కహాల్ రచనలను చదువుటకై ఆ వయస్సులో స్పానిష్ భాష నేర్చినారని ప్రసిద్ధి. ఆ పిమ్మట 1891లో జర్మను శాస్త్రజ్ఞుడు వాల్డెయర్ ఈ కొత్త భావములను ఒక సమీక్షావ్యాసమున క్రోడీకరించి, నాడీకణమునకు ‘న్యూరాన్’ అను పేరు పెట్టినారు.

ఇచ్చట విద్యార్థులు ఒక సంగతి గమనింపవలెను. వాల్డెయర్ ఆ వ్యాసమున క్రోడీకరించినది ప్రధానముగా ఇతరులు కనుగొన్న విషయములను. అయినను ఆయన వ్యాసము జర్మను భాషలో, అందరు చదువు వైద్యపత్రికలో వెలువడుట చేతను, చక్కని పేరు పెట్టుట చేతను, సిద్ధాంతముతో ఆయన పేరు కూడ ముడివడిపోయినది. నేటికిని సమీక్షావ్యాసములకు మూలపరిశోధనల కంటె ఎక్కువ ఉటంకింపులు లభించుట సర్వసాధారణము.

తరువాత కహాల్ కీర్తి త్వరత్వరగా పెరిగినది. 1892లో మాడ్రిడ్ ఆచార్య పదవి, 1894లో లండన్ రాయల్ సొసైటీ వారి క్రూనియన్ ఉపన్యాసము, 1906లో నోబెల్ బహుమతి లభించినవి. ఆ బహుమతిని గాల్జితో కలిసి పంచుకొనుట విశేషము. స్టాక్‌హోమ్ ఉపన్యాసమున గాల్జి తన వల సిద్ధాంతమునే సమర్థించినారు. మరునాడు కహాల్ దానికి విరుద్ధమైన సిద్ధాంతమును వివరించినారు. ఎవరి పద్ధతి లేకున్న తన పని సాగెడిది కాదో, ఆయన సిద్ధాంతమునే కహాల్ ఖండింపవలసి వచ్చినది. గాల్జి పేరు కహాల్ రచనలలో అడుగడుగున కనిపించును. పద్ధతికి కృతజ్ఞతగా కొన్ని చోట్ల, సిద్ధాంతమునకు ఖండనగా మరికొన్ని చోట్ల. సూచికలో మాత్రము రెండును ఒక్క అంకెగానే లెక్కకు వచ్చును.

గ్రంథములు – కాలపరీక్ష

1899 నుండి 1904 వరకు భాగములుగా వెలువడిన మహాగ్రంథమున కహాల్ మనిషియొక్కయు, వెన్నెముక గల జంతువులయొక్కయు నాడీమండల నిర్మాణమును వర్ణించినారు. అందు రమారమి 1,800 పుటలు, ఎనిమిది వందలకు పైగా పటములు ఉన్నవి. దాని ఫ్రెంచి అనువాదము 1909, 1911 సంవత్సరములలో రెండు సంపుటములుగా వచ్చినది. పరిశోధన వ్యాసములలో ఈ ఫ్రెంచి ప్రతి విశేషముగా పేర్కొనబడుచున్నది. ఇంగ్లీషు అనువాదము 1995లో గాని రాలేదు. కహాల్ 1934 అక్టోబరు 17న మరణించినారు. ఆయన చిత్రములు, రచనలు, లేఖలు గల సంచయము 2017లో యునెస్కో వారి ప్రపంచ స్మృతి పట్టికలో చేరినది.

ఆయన సిద్ధాంతమునకు కంటికి కనబడు నిదర్శనము 1950 తరువాత గాని దొరకలేదు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వచ్చిన పిదపనే రెండు నాడీకణముల మధ్య సన్నని ఎడము ఉన్నదని శాస్త్రజ్ఞులు చూడగలిగినారు. కొమ్మలపై ముండ్లను కొందరు సమకాలికులు రంగు వేయుటలో ఏర్పడిన దోషమని త్రోసిపుచ్చిరి. జార్జ్ గ్రే 1959లో ఆ ముండ్ల మీద నాడీసంధులు ఉన్నవని చూపినారు. 1888లో చెప్పిన మాట 71 సంవత్సరములకు ఇట్లు నిలిచినది. రెండు సంవత్సరముల ఉటంకింపులను బట్టి విలువ కట్టు కొలబద్దకు ఇట్టి పని ఎట్లు అందును?

అంకెల లోపములు

2005లో హిర్ష్ అను భౌతికశాస్త్రజ్ఞుడు ‘హెచ్-సూచిక’ అను కొలతను ప్రతిపాదించినారు. ఒకరి వ్యాసములను ఉటంకింపుల క్రమములో పేర్చవలెను. ఒకరికి పది వ్యాసములు ఉండి, వాటికి వరుసగా 50, 30, 12, 8, 6, 5, 3, 1, 0, 0 ఉటంకింపులు ఉన్నవనుకొందము. కనీసము అయిదేసి ఉటంకింపులు గల వ్యాసములు అయిదు ఉన్నవి. కాని ఆరేసి గలవి ఆరు లేవు. కనుక ఆయన హెచ్-సూచిక 5. వేరొకరు మూడే వ్యాసములు వ్రాసి, ఒక్కొక్కదానికి వేయి ఉటంకింపులు పొందినను ఆయన సూచిక 3 మాత్రమే. ఇవి ఉపమానమునకు చెప్పిన అంకెలు. ఈ కొలత నిలకడగా వ్రాయువారికి మేలు చేయును. ఒక్క గొప్ప పని చేసిన వారిని తగ్గించి చూపును. వయస్సుతో పెరుగునే గాని ఎన్నడును తగ్గదు.

ఇక పేర్ల చిక్కు ఉన్నది. రమోన్ అనునది తండ్రి వంశనామము, కహాల్ తల్లి వంశనామము. విదేశీయులు కొందరు ఆయనను ‘రమోన్’ క్రిందను, కొందరు ‘కహాల్’ క్రిందను పేర్కొన్నారు. అందుచే ఒకే వ్యక్తి ఉటంకింపులు పలు చోట్ల చెదరిపోయినవి. ఇది మనకును అనుభవములోనిదే. తెలుగువారికి ఇంటిపేరు ముందుండును. ముస్లిం విద్యార్థుల పేర్లలో ‘షేక్’ అనునది ఒక చోట పూర్తిగాను, వేరొక చోట ‘ఎస్.కె.’ అను రెండక్షరములుగాను కనిపించును. ‘మహమ్మద్’ను వ్రాయు తీరులు ఇంగ్లీషున ఎన్నియో ఉన్నవి. పరిశోధనలో ప్రవేశించు విద్యార్థి మొదటి వ్యాసము నుండియే తన పేరును ఒకే తీరున వ్రాయవలెను. 2012 నుండి ‘ఆర్కిడ్’ అను పదునారు అంకెల గుర్తింపు సంఖ్య ఉచితముగా లభించుచున్నది. దానిని తీసుకొనుట మంచిది.

మూడవది ఆశ్చర్యకరమైన లోపము. ఒక సత్యము మిక్కిలి ప్రసిద్ధమైనచో దానిని ఎవరు చెప్పినారో పేర్కొనుట మానివేయుదురు. నేడు న్యూరాన్ అను మాట వాడు ప్రతివారును కహాల్‌ను పేర్కొనుట లేదు. సమాజశాస్త్రజ్ఞుడు రాబర్ట్ మెర్టన్ ఈ స్థితిని గుర్తించి చర్చించినారు. అత్యధికమైన ప్రభావము అంకెలకు చిక్కకుండ పోవు తీరు ఇదియే.

నాల్గవది పద్ధతుల సంగతి. 2014లో ‘నేచర్’ పత్రిక పరిశీలించినప్పుడు అన్నిటికంటె ఎక్కువగా ఉటంకింపబడిన వ్యాసము మాంసకృత్తుల పరిమాణమును కొలుచుటకు 1951లో లౌరీ మొదలగువారు తెలిపిన పద్ధతి అని తేలినది. ఉటంకింపులు మూడు లక్షలకు పైబడినవి. అది అంత గొప్ప వ్యాసము కాదని లౌరీయే ఒప్పుకొన్నారు. భీమవరమున 1895లో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రకటించిన భాస్వరము కొలుచు పద్ధతియు ఈ కోవకు చెందినదే. దశాబ్దముల పాటు ప్రయోగశాలలలో అది విరివిగా ఉటంకింపబడినది. ఆ పద్ధతి సాయముననే వారు 1927లో కండరములకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియాటిన్‌ను ప్రకటించినారు. పద్ధతి చిన్నదని గాని, ఆవిష్కరణ పెద్దదని గాని అంకె చెప్పదు. ఎందరు వాడుకొన్నారో మాత్రమే చెప్పును.

చివరిది, అతి ముఖ్యమైనది: ఉటంకింపుల సంఖ్య సత్యమునకు ప్రమాణము కాదు. మతిమరుపు వ్యాధియగు అల్జీమర్స్‌కు ఒక కారణమును చూపుచు 2006లో ‘నేచర్’ పత్రికలో ఒక వ్యాసము వెలువడినది. రెండువేల సార్లకు పైగా దానిని ఇతరులు పేర్కొన్నారు. అందలి బొమ్మలు మార్పు చేయబడినవని తేలుటచే 2024 జూన్‌లో దానిని ఉపసంహరించినారు. పదునెనిమిదేండ్లు ఆ అంకె ఆ వ్యాసమునకు కీర్తినే తెచ్చినది.

మన కర్తవ్యము

అంకెలే గౌరవమునకు ప్రమాణమైనచో, అంకెలను అమ్మువారు కూడ పుట్టుకొని వత్తురు. డబ్బు తీసుకొని, పరీక్షింపకుండ వ్యాసములు అచ్చువేయు పత్రికలు నేడు పెక్కు ఉన్నవి. హైదరాబాదు కేంద్రముగా పనిచేసిన ఒక ప్రచురణ సంస్థ పరిశోధకులను మోసగించినదని నిర్ణయించి, 2019లో అమెరికా న్యాయస్థానము అయిదు కోట్ల డాలర్లకు మించిన మొత్తము చెల్లింపవలెనని తీర్పు చెప్పినది. ఇది మన తెలుగునాట జరిగినందుకు సిగ్గుపడవలసిన విషయము. నిధుల సంఘము వారు మంచి పత్రికల జాబితా ఒకటి ఏర్పరచి, 2025లో దానిని విరమించి, ఎంపిక బాధ్యతను విద్యాసంస్థలకే వదలినారు. కనుక ఇక మీదట ఈ భారము కళాశాలలదే.

వ్యాసమును అది వెలువడిన పత్రిక పేరును బట్టి గాక, అందలి విషయమును బట్టి నిర్ణయింపవలెనని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో శాస్త్రజ్ఞులు ఒక ప్రకటన రూపొందించినారు. ఆ మాటనే మా కళాశాల పాలక సంఘమునకు వినయముతో మనవి చేయుచున్నాము. అభ్యర్థి ఇచ్చిన జాబితాలోని వ్యాసముల సంఖ్యను చూచుటతో పాటు, ఆయనయే ఎంచి ఇచ్చిన రెండు మూడు వ్యాసములను తెలిసినవారిచే చదివింపవలెను. పలువురు కలిసి వ్రాసిన వ్యాసమున ఆయన పాలు ఎంతయో అడుగవలెను. ఉటంకించినవారు ఎందుకు ఉటంకించినారో కొన్నింటినైనను విప్పి చూడవలెను. తెలుగులోను, ఉర్దూలోను వ్రాసిన మంచి వ్యాసము సూచికలలో లేనంత మాత్రమున దానికి సున్న వేయరాదు.

విద్యార్థులకు చెప్పదగినది మరియొకటి ఉన్నది. కహాల్ తన భాషను విడువలేదు. ఆయన శిష్యులు స్పానిష్‌లోనే గొప్ప పరిశోధనలు ప్రకటించినారు. అట్లని తన భాషలో వ్రాసితిని, ప్రపంచము చదువకపోయిన అది ప్రపంచపు తప్పు అని కూర్చుండలేదు. ఫ్రెంచిలోనికి మార్చినారు, పలకలు మూటగట్టుకొని బెర్లిన్‌కు పోయినారు. మాతృభాషలో ఆలోచించి వ్రాయుటయు, లోకము చదువు భాషలో దానిని అందించుటయు పరస్పర విరుద్ధములు కావు. రెండింటికిని శ్రమ కావలెను.

మీరు చదివిన ప్రతి గ్రంథమును, గ్రహించిన ప్రతి భావమును నిజాయితీగా పేర్కొనుడు. చదువని గ్రంథమును జాబితాలో చేర్చకుడు. మిత్రుని మెప్పించుటకై అక్కరలేని ఉటంకింపు చేయకుడు. సూచికలలోని అంకెలన్నియు ఇట్టి చిన్నచిన్న ఒప్పుకోళ్ల కూడికయే గనుక, వాటి విలువ వ్రాయువారి సత్యసంధతను మించి ఉండజాలదు. ఈ పత్రికకు వ్యాసము వ్రాయు విద్యార్థి కూడ తాను ఎచ్చట నేర్చినాడో చెప్పి వ్రాయుట నేటి నుండియే అలవరచుకొనవలెనని మా కోరిక.